11 కేవీ రెండు కోర్ల సీటీ: మీటరుకు ఏ కోరు, రిలేకు ఏ కోరు? సీమ ఫ్యాక్టరీల కోసం రివ్యూ

తాడిపత్రి గ్రానైట్ యూనిట్లలోనైనా, బేతంచెర్ల నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల్లోనైనా, ఎర్రగుంట్ల వైపు మిల్లుల్లోనైనా హెచ్‌టీ (11 కేవీ) ప్యానెల్ వెనక తలుపు తీస్తే ఫేజుకొకటి చొప్పున మూడు రెసిన్ దిమ్మెలు కనిపిస్తాయి. పైన పీ1, పీ2 అని రెండు బస్‌బార్ బోల్టులు, కింద చిన్న మూత, మూత లోపల నాలుగు ఇత్తడి స్టడ్లు. అదే రెండు కోర్ల కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. ఒక కోరు (సొంత చుట్లున్న ఉక్కు రింగు) మీటరుకు, రెండోది ఫాల్ట్ కనిపెట్టి బ్రేకరును పడగొట్టే రిలేకు. బ్రేకరు ఏ కంపెనీది, రిలే ఏ మోడల్ అని పది సార్లు అడిగే యజమానులు కూడా ఈ దిమ్మె మీది నేమ్‌ప్లేట్ చదవరు. కొటేషన్‌లో అది ఒక్క లైను, 'సీటీలు 3 నంబర్లు' అంతే.

ఈ రివ్యూ ఏదో ఒక కంపెనీ సరుకు గురించి కాదు. మన వైపు ప్యానెళ్ళలో వచ్చే నాలుగు రకాల స్పెసిఫికేషన్ల గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం, అందులోని అంకెల అర్థాలు కింద వస్తాయి. మీటరింగ్ కోరు 0.5ఎస్, 2.5 వీఏ, ఎఫ్ఎస్5, ప్రొటెక్షన్ కోరు 5పీ20, 5 వీఏ, రెండూ 1 ఆంపియర్ సెకండరీ, రెండింటికీ వేర్వేరు రేషియో. మన 11 కేవీ ఫ్యాక్టరీలకు ఇదే సరైన కొనుగోలు. పాత కాగితం నుంచి కాపీ కొట్టి వచ్చే '15 వీఏ, క్లాస్ 0.5 / 5పీ10, ఒకే రేషియో' సీటీ వద్దు. మీటరుకూ రిలేకూ కలిపి ఒకే కోరు ఇచ్చే చవక రకం అమ్మీటరు చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నాలుగోది పీఎస్ క్లాస్. డిఫరెన్షియల్ (లోపలికి పోయే, బయటికొచ్చే కరెంట్లను పోల్చే) లేదా ఆర్ఈఎఫ్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఎర్త్ ఫాల్ట్‌నే చూసే) రిలే ఉన్నచోట తప్ప దాని జోలికి వెళ్ళనక్కర్లేదు. కొత్త ప్రమాణంలో దాని పేరు పీఎక్స్.

రెండు కోర్లకీ పని ఒకటే, ప్రైమరీలో (పైనున్న 11 కేవీ వైపు) పారే కరెంటుకు సెకండరీలో (కింది స్టడ్ల వైపు) చిన్న నకలు ఇవ్వడం. గుణం మాత్రం పూర్తిగా ఎదురు. మీటరింగ్ కోరు మామూలు లోడు దగ్గర అచ్చంగా కొలవాలి, షార్ట్ సర్క్యూట్ వచ్చిందంటే వెంటనే సాచురేట్ అయిపోయి (అయస్కాంతత్వం నిండిపోయి, ఇంక నకలు ఇవ్వలేక) మీటరును కాపాడాలి. ప్రొటెక్షన్ కోరు మామూలు లోడు దగ్గర కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు, ఫాల్ట్ కరెంటు ఇరవై రెట్లు వచ్చినా సాచురేట్ కాకుండా రిలేకు చూపించాలి. బంగారం తూచే త్రాసు, నాపరాళ్ళ లారీ తూచే కాటా రెండూ బరువే చెబుతాయి, అయినా ఒకదాని పని ఇంకోదానితో చేయించరు కదా.

నేమ్‌ప్లేట్ మీద ఎఫ్ఎస్5 అంటే, రేటెడ్ కరెంటుకు అయిదు రెట్ల లోపే ఆ కోరులో కాంపోజిట్ ఎర్రర్ (నకలులోని మొత్తం తప్పు) 10 శాతానికి చేరుతుందని అర్థం. అంటే అక్కడికల్లా చేతులెత్తేస్తుంది. 5పీ20 అంటే ఇరవై రెట్ల దగ్గర కూడా కాంపోజిట్ ఎర్రర్ 5 శాతం దాటదు. ఈ నిర్వచనాలు ఐఈసీ 61869-2లో ఉన్నాయి, మన దగ్గర అదే ఐఎస్ 16227. పాత ఐఎస్ 2705 పేరుతో ఇప్పటికీ కొటేషన్లు వస్తుంటాయి. క్లాసుల సంగతి పెద్దగా మారలేదు కానీ కొత్త ఆర్డరుకు కొత్త నంబరే రాయించండి.

అసలు గొడవంతా వీఏ దగ్గర, అంటే సెకండరీకి తగిలించిన వైరు, మీటరు లేదా రిలే తినే భారం దగ్గర. దాన్నే బర్డెన్ అంటారు. నేమ్‌ప్లేట్ మీది ఎఫ్ఎస్5 గానీ, 5పీ20 గానీ, ఆ సీటీకి రేటెడ్ బర్డెన్ పూర్తిగా తగిలించినప్పుడే నిజం. తక్కువ బర్డెన్ తగిలిస్తే రెండు అంకెలూ పెరుగుతాయి. లెక్క సులువే. కోరు లోపలి నిరోధం రేటెడ్ సెకండరీ కరెంటు దగ్గర తినే వీఏకు రేటెడ్ వీఏ కలపాలి, దాన్ని లోపలి వీఏ, నిజంగా తగిలించిన వీఏల మొత్తంతో భాగించాలి, వచ్చినదాన్ని నేమ్‌ప్లేట్ అంకెతో గుణించాలి.

అంకెలతో చూద్దాం. సెకండరీ 1 ఆంపియర్, లోపలి నిరోధం 0.5 ఓమ్. సీటీ నుంచి మీటరు గదికి 30 మీటర్లు, రాను పోను 60 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఆ వైరు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్, కాబట్టి 60 మీటర్లకు 0.44 ఓమ్. ఒక ఆంపియర్ దగ్గర అది 0.44 వీఏ. ఎలక్ట్రానిక్ మీటరు తినేది పావు వీఏ అనుకుంటే మొత్తం 0.7 వీఏ. ఇప్పుడు 15 వీఏ, ఎఫ్ఎస్5 సీటీ పెడితే అసలు ఎఫ్ఎస్ ఎంత? 15.5ను 1.2తో భాగించి 5తో గుణిస్తే దాదాపు 65. అంటే అయిదు రెట్ల దగ్గర ఆగుతుందని కొన్న సీటీ అరవై అయిదు రెట్ల వరకూ కరెంటును మీటరులోకి తోస్తుంది. సీటీ మీద నడిచే మీటర్లు తట్టుకోవాల్సింది గరిష్ఠ కరెంటుకు ఇరవై రెట్లు, అదీ అర సెకను. అదే 2.5 వీఏ కోరు అయితే 3ను 1.2తో భాగించి 5తో గుణిస్తే 12.5. మీటరు క్షేమం.

ఇంకో దెబ్బ కూడా ఉంది. మీటరింగ్ క్లాసు హామీ రేటెడ్ బర్డెన్‌లో 25 శాతం నుంచి 100 శాతం మధ్యే. 15 వీఏ కోరుకు ఆ కింది గీత 3.75 వీఏ. మన దగ్గర తగిలింది 0.7. నేమ్‌ప్లేట్ మీద 0.5ఎస్ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, ఆ హద్దు బయట నడుస్తున్న సీటీ అంత కచ్చితంగా ఉంటుందని తయారీదారు మాట ఇవ్వలేదు. 2.5 వీఏ అయితే కింది గీత 0.625, మనం సరిగ్గా లోపలున్నాం. 'వీఏ ఎక్కువుంటే మంచిదే కదా సార్, రేపు ఇంకో మీటరు పెట్టుకోవచ్చు' అని ప్యానెల్ చేసేవారు చెప్పే మాట డిస్కు తిరిగే మీటర్ల కాలంది. వాటికి ఆకలి ఎక్కువ ఉండేది, అప్పుడు ఆ మాట చెల్లింది.

ప్రొటెక్షన్ కోరులో అదే గుణం వరం అవుతుంది. 5 వీఏ, 5పీ20 కోరు మీద న్యూమరికల్ (మైక్రోప్రాసెసర్) రిలే, పొట్టి వైరు కలిపి 0.7 వీఏ పడితే, 5.5ను 1.2తో భాగించి 20తో గుణిస్తే తొంభైకి పైన. అంటే ఇక్కడ వీఏ మిగిలితే నష్టం లేదు. నష్టమల్లా సైజులో, ధరలో. అందుకే 15 వీఏ, 30 వీఏ అని రాసుకోనక్కర్లేదు, అయిదు చాలు.

పై లెక్కంతా 1 ఆంపియర్ సెకండరీకి. 5 ఆంపియర్లయితే అదే 60 మీటర్ల వైరు 25 రెట్లు తింటుంది, అంటే 11 వీఏ. మీటరు గది దూరంగా ఉన్న ఫ్యాక్టరీలో 5 ఆంపియర్ సీటీ పెట్టి, వైరుకే 11 వీఏ పోగొట్టి, మళ్ళీ దానికోసం 15 వీఏ కొనడం చాలాచోట్ల జరుగుతోంది. ప్యానెల్ తలుపు మీదే మీటరున్నచోట 5 ఆంపియర్లతో ఇబ్బంది లేదు. దూరం పది మీటర్లు దాటితే 1 ఆంపియర్ తీసుకోండి. విద్యుత్ సంస్థ బిల్లింగ్ కోసం స్తంభాల మీదో, క్యూబికల్‌లోనో పెట్టే సీటీ-పీటీ సెట్ (పీటీ అంటే వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్) వేరే సంగతి. దాని రేషియో, క్లాసు, సీలు అన్నీ వాళ్ళ చేతిలోనే ఉంటాయి. మనం మాట్లాడుతున్నది మన బ్రేకర్ ప్యానెల్లోని సీటీల గురించి, బిల్లుతో పోల్చుకోవడానికి మనం పెట్టుకునే చెక్ మీటరు గురించి.

ఇక రేషియో. 30/1 అంటే ప్రైమరీలో 30 ఆంపియర్లకు సెకండరీలో 1. ఒక మామూలు గ్రానైట్ యూనిట్ తీసుకుందాం, 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. 11 కేవీ వైపు పూర్తి లోడు 26.2 ఆంపియర్లు. పగలు బ్లాక్ కట్టర్లు, పాలిషింగ్ లైన్లు నడుస్తాయి. రాత్రి మిషన్లు ఆపితే మిగిలేది వాచ్‌మన్ లైట్లు, నీళ్ళ మోటారు, ఆఫీసు. పది కేవీఏ అనుకుందాం, అంటే అర ఆంపియర్. మీటరింగ్ కోరు 30/1 అయితే ఆ అర ఆంపియర్ 1.7 శాతం. 50/1 అయితే ఒక శాతానికి కొంచెం పైన. 100/1 అయితే అర శాతం.

ఇక్కడే 0.5కీ 0.5ఎస్‌కీ తేడా. 0.5 క్లాసుకు హామీ 5 శాతం కరెంటు నుంచి మొదలవుతుంది. అక్కడ 1.5 శాతం తప్పు వరకూ సహిస్తారు, 20 శాతం దగ్గర 0.75, నూటికి నూరు దగ్గర 0.5. 0.5ఎస్‌కు హామీ 1 శాతం నుంచే ఉంటుంది. అక్కడ 1.5, 5 శాతం దగ్గర 0.75, 20 శాతం నుంచి 120 శాతం దాకా 0.5. పేర్లో చివరి ఒక్క అక్షరం తేడాతో కింది హద్దు అయిదో వంతుకు దిగింది. పగలు రాత్రి తేడా ఇంతగా ఉండే మన స్లాబుల ఫ్యాక్టరీలకు ఎస్ క్లాసే కావాలి. వినియోగదారుల మీటర్లకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 మీటరింగ్ నిబంధనలు 650 వోల్టుల పైన 33 కేవీ దాకా 0.5ఎస్ లేదా అంతకంటే మంచి క్లాసు అడుగుతాయి, సీటీ క్లాసు మీటరు క్లాసు కంటే తక్కువ ఉండకూడదంటాయి. చెక్ మీటరును బిల్లు మీటరుతో పోల్చి చూడాలనుకుంటే దానికీ అదే క్లాసు ఉండాలి, లేకపోతే నెలనెలా రెండు రీడింగులు ఎందుకు కలవడం లేదన్న పంచాయితీ తెగదు.

మరి మీటరుకు 30/1 బాగుంది కదా, రిలేకూ అదే పెడితే? అక్కడ లెక్క తిరగబడుతుంది. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ 4.5 శాతం అనుకుంటే, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు పూర్తి షార్ట్ అయినప్పుడు 11 కేవీ వైపు సుమారు 580 ఆంపియర్లు పారతాయి. హెచ్‌టీ రిలే హైసెట్ (పెద్ద ఫాల్ట్‌కు ఆలస్యం లేకుండా బ్రేకరును పడగొట్టే సెట్టింగ్) దానికంటే పైన ఉండాలి, లేకపోతే ఎల్‌టీ బ్రేకరు చూసుకోవాల్సిన ఫాల్ట్‌కు హెచ్‌టీ బ్రేకరు పడుతుంది. పావు వంతు మార్జిన్ ఇస్తే 730 ఆంపియర్లు. 30/1, 5పీ10 కోరు రేటెడ్ బర్డెన్ దగ్గర ఇచ్చే హామీ 300 ఆంపియర్ల వరకే. బర్డెన్ తక్కువ కాబట్టి నిజంగా ఇంకా పైకి పోతుంది, అయినా సెట్టింగే హామీ బయట ఉన్న సీటీని కొనడం ఎందుకు? 100/1, 5పీ20 అయితే 2000 ఆంపియర్ల దాకా హామీ. ఓవర్‌లోడ్ సెట్టింగ్ 33 ఆంపియర్లు, అంటే 0.33. నేటి న్యూమరికల్ రిలేల్లో 0.1 నుంచి సెట్ చేసుకోవచ్చు కాబట్టి రేషియో పెద్దదైనా ఇబ్బంది లేదు. అందుకే ఒకే దిమ్మెలో కోరు 1కి 30/1, కోరు 2కి 100/1 చేయించుకోవాలి. ప్రైమరీ చుట్లు ఒకటే, సెకండరీ చుట్లు వేరు, తయారీదారుకు ఇది కొత్తేమీ కాదు. 'రెండు కోర్లకూ ఒకే రేషియో ఉండాలి' అని ఏ ప్రమాణంలోనూ లేదు.

షార్ట్ టైమ్ కరెంటు (ఫాల్ట్ వేళ సీటీ కాసేపు తట్టుకోవాల్సిన కరెంటు) విషయంలో మాత్రం కొంచెం తగ్గండి. బ్రేకరు 25 కేఏ (కిలో ఆంపియర్లు) కాబట్టి సీటీ కూడా 25 కేఏ, 1 సెకను అని రాసేస్తారు. 30 ఆంపియర్ల ప్రైమరీకి అది 833 రెట్లు. అంత లావు రాగితో అన్ని చుట్లు పెట్టాలంటే దిమ్మె ఉబ్బుతుంది, ప్యానెల్లో పట్టదు, లేదంటే మీటరింగ్ క్లాసు రాదు. ఫీడరు 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంటే, ఇంపీడెన్స్ 7 శాతం చిల్లర కాబట్టి ఆ బస్ దగ్గరే ఫాల్ట్ మూడున్నర నుంచి నాలుగు కేఏ మధ్య ఉంటుంది. మన దగ్గరికి లైను పొడవు వల్ల ఇంకా తగ్గుతుంది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు సమాంతరంగా నడిచినా 13.1 కేఏ, 1 సెకను చాలు. సబ్‌స్టేషన్ ఏఈ దగ్గర ఫాల్ట్ లెవెల్ అడిగి తెలుసుకుని రాయడం ఉత్తమం.

కోర్లు తారుమారైతే ఏమవుతుంది? ఇదీ చాలా ప్యానెళ్ళలో నిశ్శబ్దంగా ఉండే తప్పు. 1ఎస్1, 1ఎస్2 మీటరుకు పోవాలి, 2ఎస్1, 2ఎస్2 రిలేకు. వైరింగ్ చేసినవాళ్ళు తారుమారు చేస్తే మామూలు రోజుల్లో అన్నీ బాగానే కనిపిస్తాయి. మీటరు తిరుగుతుంది, రిలే డిస్‌ప్లేలో కరెంటు చూపిస్తుంది. రేషియోలు వేరైతే కనీసం అంకెలు తేడా కొట్టి పట్టిస్తాయి. ఒకే రేషియో ఉన్న సీటీలో అదీ ఉండదు, రెండు రేషియోల వల్ల దక్కే చిన్న లాభం ఇది. తప్పు బయటపడేది ఫాల్ట్ రోజున. మూడున్నర కేఏ ఫాల్ట్ 30 ఆంపియర్ల మీటరింగ్ కోరుకు నూరు రెట్ల పైన. కోరు ప్రతి అర సైకిల్లోనూ కాసేపు పనిచేసి సాచురేట్ అవుతుంది, రిలేకు నిండు అలకు బదులు ముక్కలు అందుతాయి, హైసెట్ ఆలస్యమవుతుంది లేదా అందుకోదు. ఈలోగా సబ్‌స్టేషన్‌లో ఫీడర్ బ్రేకరు పడుతుంది. ఒక ఫ్యాక్టరీ కేబుల్ పోతే ఆ ఫీడర్ మీదున్న ఫ్యాక్టరీలన్నింటికీ కరెంటు పోయే కేసుల్లో సబ్‌స్టేషన్ రిలేను తిట్టే ముందు చూడాల్సింది ఇదే.

అటు మీటరు ప్రొటెక్షన్ కోరు మీద పడితే డబ్బు పోతుంది, అదీ కనపడకుండా. 5పీ కోరుకు రేటెడ్ కరెంటు దగ్గర రేషియో ఎర్రర్ 1 శాతం వరకూ, ఫేజ్ తేడా 60 నిమిషాల వరకూ ఒప్పుకుంటారు. అంతకు తక్కువ కరెంట్ల దగ్గర హామీయే లేదు. 60 నిమిషాలంటే ఒక డిగ్రీ. పవర్ ఫ్యాక్టర్ ఒకటి దగ్గర ఆ డిగ్రీ ఏమీ చేయదు. 0.8 దగ్గర యూనిట్లలో 1.3 శాతం తేడా తెస్తుంది, ఖాళీగా తిరిగే మోటార్లతో 0.5కు పడిపోయినప్పుడు 3 శాతం. అందుకే కెపాసిటర్లు పాడైన నెలల్లో చెక్ మీటరు, బిల్లు మీటరు మధ్య తేడా పెరిగితే సీటీ కోరు మీద అనుమానం రావాలి. 10పీ అయితే రేషియో ఎర్రరే 3 శాతం దాకా పోవచ్చు.

ఏ కోరు ఏదో తేల్చడానికి నేమ్‌ప్లేట్‌ను గుడ్డిగా నమ్మక్కర్లేదు. ఒక వేరియాక్ (ఏసీ వోల్టేజీని మెల్లగా పెంచే, దించే సాధనం), ఒక వోల్ట్‌మీటరు, ఒక అమ్మీటరు చాలు. లైను పూర్తిగా ఆఫ్ చేసి, ఎర్త్ చేసి, ప్రైమరీ విప్పి ఉంచి, సెకండరీ వైర్లు తీసి, సెకండరీ స్టడ్ల మీద ఏసీ వోల్టేజీ మెల్లగా పెంచాలి. 2.5 వీఏ, ఎఫ్ఎస్5, లోపల 0.5 ఓమ్ ఉన్న మీటరింగ్ కోరు సుమారు 15 వోల్టులకల్లా అర ఆంపియర్ లేదా అంతకంటే ఎక్కువ తాగాలి. 5 వీఏ, 5పీ20 కోరు సుమారు 110 వోల్టుల దగ్గర కూడా ఒక ఆంపియర్ మించకూడదు. 15కూ 110కీ ఉన్న ఎడం వల్ల పొరపాటుకు తావే లేదు. ఈ వోల్టేజీ, కరెంటుల గీతే ఎక్సైటేషన్ కర్వ్. అందులో వోల్టేజీ 10 శాతం పెంచితే కరెంటు 50 శాతం పెరిగే చోటును నీ (knee) పాయింట్ అంటారు, కోరు సాచురేట్ కావడం మొదలయ్యే మలుపు అది. అది దాటాక అక్కడే ఆపేయకుండా వేరియాక్‌ను నెమ్మదిగా సున్నాకు దించండి, లేకపోతే కోరులో అయస్కాంతత్వం మిగిలిపోతుంది. బ్యాటరీతో పోలారిటీ చూసిన తర్వాత కూడా ఇలా ఒకసారి ఎక్కించి దించడం అవసరం, చాలామంది మరిచిపోయేది ఇదే.

పోలారిటీ పరీక్షకు 9 వోల్టుల బ్యాటరీ, ముల్లుండే మిల్లీఅమ్మీటరు. ప్లస్ పీ1కు, మైనస్ పీ2కు, మీటరు ప్లస్ ఎస్1కు. తగిలించిన క్షణంలో ముల్లు ముందుకు కొట్టాలి, తీసినప్పుడు వెనక్కి. ఒక్క ఫేజు సీటీ తిరగబడినా మూడు ఫేజుల నాలుగు వైర్ల మీటరు సమానమైన లోడు మీద మూడో వంతే లెక్కేస్తుంది. రిలే వైపు తిరగబడితే మూడు ఫేజుల మొత్తం సున్నా రావాల్సింది పోయి లోడుకు రెండింతలు వస్తుంది, ఫ్యాక్టరీ స్టార్ట్ చేయగానే ఎర్త్ ఫాల్ట్ ట్రిప్. దీనికి చాలామంది చేసే వైద్యం ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ పెంచడం. అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఆ ఎర్త్ ఫాల్ట్ దగ్గరే మన నేల గురించి ఒక మాట. అనంతపురం వైపు ఎండిపోయిన రాతి నేల మీద 11 కేవీ తీగ తెగి పడినా కొన్ని ఆంపియర్లే పారొచ్చు. 100/1 సీటీల మొత్తం మీద నడిచే ఎర్త్ ఫాల్ట్ 0.1 దగ్గర పెట్టినా 10 ఆంపియర్లు. దానికంటే తక్కువ కావాలంటే కేబుల్ చుట్టూ కోర్ బ్యాలెన్స్ సీటీ వేయాలి. మూడు ఫేజులూ దాని గుండానే పోవాలి. కేబుల్ స్క్రీన్, ఆర్మర్ ఎర్త్ వైరు సీటీ దాటి పైకొచ్చి ఉంటే, దాన్ని మళ్ళీ వెనక్కి సీటీ గుండా కిందికి తెచ్చి అప్పుడు ఎర్త్ చేయాలి. అలా చేయకపోతే కేబుల్లో ఫాల్ట్ అయినప్పుడు పోయే కరెంటు, స్క్రీన్ లోంచి తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రిలేకు ఏమీ కనపడదు. సీటీ మంచిదే, రిలే మంచిదే, ఒక్క జానెడు ఎర్త్ వైరు దారి తప్పు.

దిమ్మె నాణ్యత విషయానికొస్తే, 11 కేవీ సీటీకి 12 కేవీ గరిష్ఠ వోల్టేజీ, పరీక్షలో తట్టుకోవాల్సిన 28 కేవీ పవర్ ఫ్రీక్వెన్సీ, 75 కేవీ ఇంపల్స్ (పిడుగు లాంటి దెబ్బ) ఉండాలి. వీటిలో కోత పెట్టేవాళ్ళు తక్కువ. కోత పడేది పార్షియల్ డిశ్చార్జ్ (రెసిన్ లోపలి చిన్న చిన్న విద్యుత్ మెరుపులు) దగ్గర. రెసిన్ పోసేటప్పుడు లోపల గాలి బుడగ మిగిలితే ఏడాదికో రెండేళ్ళకో అది లోపలే తినేస్తుంది, ఒక రోజు దిమ్మె నిలువునా పగులుతుంది. ప్రతి సీటీకి రొటీన్ టెస్ట్ సర్టిఫికెట్‌లో పార్షియల్ డిశ్చార్జ్ అంకె అడగండి. రెసిన్ సీటీకి, గరిష్ఠ వోల్టేజీ లెక్కన వచ్చే ఫేజ్ వోల్టేజీకి 1.2 రెట్ల దగ్గర 20 పికోకూలుంబ్‌లు మించకూడదు. 'టైప్ టెస్ట్ ఉంది సార్' అంటే ఒప్పుకోవద్దు, అది ఏదో ఒక నమూనాకు ఎప్పుడో చేసింది.

ఎండ సంగతి కూడా ఆర్డర్‌లో రాయాలి. ప్రమాణాల్లో మామూలు ఉష్ణోగ్రత వర్గాల పై హద్దు 40 డిగ్రీలు. కర్నూలు, కడపల్లో మే నెలలో బయటే అది దాటుతుంది, రేకుల షెడ్డులోని ప్యానెల్ లోపల చెప్పనక్కర్లేదు. 50 డిగ్రీల యాంబియంట్ (చుట్టూ గాలి వేడి) అని రాయించండి. లోపలి నిరోధం కూడా వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర కొలిచిన దాన్ని 1.17తో గుణిస్తే 75 డిగ్రీల విలువ. పై లెక్కల్లో వాడాల్సింది అదే.

రాతి పొడి ఇంకో శత్రువు. పొడిగా ఉన్నంతకాలం ఏమీ చేయదు. మొదటి వాన తేమకు ఆ పొడి పొర తడిసి దిమ్మె పైపొర మీద చెట్టు కొమ్మల్లా నల్లటి గీతలు పడతాయి. ఆర్నెల్లకోసారి షట్‌డౌన్ తీసుకుని పొడి గుడ్డతో తుడవాలి, వైరు బ్రష్ వాడితే రెసిన్ నునుపు పోయి పొడి ఇంకా పట్టుకుంటుంది. బయట స్తంభం మీద పెట్టేదైతే ఇండోర్ దిమ్మె పనికిరాదు, అవుట్‌డోర్ రెసిన్ లేదా పింగాణీ రకమే. 33 కేవీకైతే క్రీపేజ్ (పైపొర వెంబడి కొలిచే దూరం) గరిష్ఠ వోల్టేజీ 36 కేవీ మీద కిలోవోల్టుకు 25 మిల్లీమీటర్ల లెక్కన 900 మిల్లీమీటర్లు, సిమెంటు దుమ్ము ఉన్నచోట 31 లెక్కన 1116.

సోలార్ వాళ్ళకు వేరే లెక్క. గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల పార్కులోనైనా, ఎన్‌పీ కుంటలోనైనా గ్రిడ్‌కు కలిసే చోట మీటరు 0.2ఎస్, సీటీ కూడా అదే. 33 కేవీ మీద 10 మెగావాట్ల బ్లాకుకు పూర్తి కరెంటు 175 ఆంపియర్లు, సీటీ 200/1. పగలంతా హాయిగా కొలుస్తుంది. రాత్రి ప్లాంటు ఎగుమతి ఆపి ట్రాన్స్‌ఫార్మర్ల ఖాళీ నష్టాలకు తిరిగి దిగుమతి చేసుకుంటుంది, ఆ కరెంటు తరచు 2 ఆంపియర్ల లోపే. ఒక శాతం గీత అక్కడే, దాని కింద 0.2ఎస్ కూడా ఏ హామీ ఇవ్వదు. రాత్రి దిగుమతి యూనిట్ల మీద వాదనకు దిగే ముందు ఈ గీత గుర్తుంచుకోవాలి.

ఎల్‌టీ రింగ్ సీటీల గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. కర్నూలు, అనంతపురం ఎలక్ట్రికల్ కొట్లలో దొరికే టేపు చుట్టిన 100/5, 200/5 సీటీలు అమ్మీటరుకు సరిపోతాయి. తక్కువ లోడుకు కేబుల్‌ను రెండుసార్లు దూర్చితే 100/5 కాస్తా 50/5 అవుతుంది, ఇది మంచి పద్ధతే. వాటితో మోటారు ప్రొటెక్షన్ రిలే నడపాలంటే మాత్రం మీద 5పీ అని రాసి ఉందో లేదో చూసి కొనండి, క్లాస్ 1 అని ఉంటే అది మీటరు కోరే.

11 కేవీ సీటీ ర్యాక్ మీద దొరికే సరుకు కాదు, ఆర్డర్ ఇచ్చి చేయించాలి. కాబట్టి కాగితం మీద ఏం రాస్తే అదే వస్తుంది. పై ఉదాహరణకు రాయాల్సింది ఇంతే: 'ఐఎస్ 16227 ప్రకారం, ఇండోర్ రెసిన్ కాస్ట్, 12/28/75 కేవీ, 30-100/1-1 ఆంపియర్లు, కోరు 1: 30/1, 0.5ఎస్, 2.5 వీఏ, ఎఫ్ఎస్5, కోరు 2: 100/1, 5పీ20, 5 వీఏ, 13.1 కేఏ 1 సెకను, యాంబియంట్ 50 డిగ్రీలు, ప్రతి సీటీకి లోపలి నిరోధం, ఎక్సైటేషన్ కర్వ్, పార్షియల్ డిశ్చార్జ్ అంకెలతో రొటీన్ టెస్ట్ సర్టిఫికెట్.' కొలతల డ్రాయింగ్ ముందే తెప్పించుకుని ప్యానెల్ చేసేవారికి చూపించండి. బోల్టు రంధ్రాలు కలవక దిమ్మెకు డ్రిల్లు పెట్టిన ప్యానెళ్ళూ ఉన్నాయి, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

బిగించేటప్పుడు షార్టింగ్ లింకులున్న టెర్మినల్ బ్లాక్ తప్పనిసరి. లోడు మీద సెకండరీ తెరుచుకుంటే ఆ కొసల మధ్య వేల వోల్టుల దాకా రావచ్చు, మనిషికీ కోరుకూ రెండింటికీ ప్రమాదం. మీటరో రిలేనో తీయాలంటే ముందు లింకు షార్ట్ చేసి, తర్వాతే విప్పాలి. వాడని కోరు ఉంటే షార్ట్ చేసి ఎర్త్ చేసి వదలాలి. వాడే కోర్లకు ఎర్త్ ఒక్కచోటే, ప్యానెల్ టెర్మినల్ దగ్గర. సీటీ దగ్గర ఒకటి, రిలే దగ్గర ఇంకొకటి పెడితే ఆ రెండు ఎర్త్‌ల మధ్య తిరిగే కరెంటు వల్ల కారణం తెలియని ట్రిప్పులు వస్తాయి. కమిషనింగ్ రోజున కొలిచిన లోపలి నిరోధం, నీ (knee) పాయింట్ వోల్టేజీ, ఏ స్టడ్ నుంచి ఏ టెర్మినల్‌కు వైరు పోయిందో ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి. మూడేళ్ళ తర్వాత మీటరు మార్చడానికి వచ్చే మనిషి మూత తీసి నాలుగు స్టడ్లను చూసి ఊహించే పని ఉండదు.